రెండో బొమ్మను తిప్పిన చెయ్యి

భార్గవ్ కారు రోడ్డుకు అవతల ఉంది. భార్గవ్ అందులో లేడు. ఇవతల, మూసి ఉన్న టైర్ల షాపు ముందు, నా కారులో, చున్నీ తలమీదికి లాక్కుని నేను కూర్చుని ఉన్నాను. మొగుణ్ణి వెంబడించడం నాకిదే మొదటిసారి. అయినా ఆరితేరినదానిలా ఒక పికప్ వెనక కారు దాచాను, ఇంజను ఆపలేదు, అద్దం దించలేదు. ఒంటిగంట దాటింది. రెండింటికి మా కొలతకు కట్టిన గంతలు విప్పుతారు. ఆలోగా నేనొకటి తేల్చుకోవాలి, భార్గవ్ చెప్పబోయే అంకెను నమ్మాలా వద్దా అని. నమ్మకపోతే ఆ మాట మా బృందంలో పెద్దాయన మూర్తిగారి ముందు, మిగతా అందరి ముందు అనాలి. అన్నానంటే భార్గవ్ పేరు పోతుంది. పేరు పోయాక మా కాపురం మిగులుతుందని అనుకునేంత అమాయకురాలిని కాను. అనకపోతే, లేని గ్రహాన్ని ఉందని లోకానికి చాటిన వాళ్లలో నేనూ ఒకర్తెనవుతాను.

పొద్దున దోసె సగంలో వదిలేసి క్యాంపస్‌కు వెళ్తున్నానన్నాడు. వెళ్తున్నవాడు గుమ్మంలో వెనక్కి తిరిగి నన్ను చూశాడు. తొమ్మిదేళ్లలో ఎన్నడూ అలా చూడలేదు. అందుకే ఫోన్ మ్యాప్‌లో అతని చుక్క మీద కన్నేసి ఉంచాను. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా వీధి దాటి అబూధాబీ దీవి వైపు పోవాల్సిన చుక్క ముసఫ్ఫాలోకి తిరిగి ఇక్కడ ఆగింది. ఇక్కడ ఏముంటాయి? గ్యారేజీలు, వెల్డింగ్ షెడ్లు, సిమెంటు గోడౌన్లు, ఊళ్లకు సామాను పంపే కార్గో షాపులు. జూన్ ఎండ. మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని రూలు కాబట్టి కంపెనీ బస్సు నీడలో పదిమంది వరసగా పడుకున్నారు, ముఖాల మీద తువ్వాళ్లు. వాళ్లలో ఒకడు తువ్వాలు పక్కకు తీసి నా కారు వంక చూశాడు. మళ్లీ కప్పుకున్నాడు. వాడికి కూడా నేను అనుమానంగానే కనిపించి ఉంటాను.

దోసె. పెనం మీద పిండి వేసి గరిటెతో నడిమి నుంచి అంచుకు తిప్పితే మెలి తిరిగిన గీత పడుతుంది కదా, మా నక్షత్రం చుట్టూ అచ్చం అలాంటిదే ఉంది. పసి నక్షత్రం అది, ఆ లెక్కల్లో పసిది. దాని చుట్టూ ధూళీ వాయువూ కలిసిన ఒక మహా పళ్లెం తిరుగుతోంది. గ్రహాలు పుట్టేది అలాంటి పళ్లెంలోనే. మామూలుగా అయితే అది నునుపుగా ఉండాలి, మహా అయితే గుండ్రటి చారలుండాలి. మాదానిలో రెండు వంపు చేతులున్నాయి, లోపలి నుంచి బయటికి మెలి తిరిగి. గీత ఉంది, గరిటె కనిపించదు. ఆ గరిటె ఎవరిది అన్నదే మా ఇద్దరి ఉద్యోగం. అమ్మకు ఫోన్‌లో ఇలాగే చెబితే, ఆ మాత్రానికి దుబాయ్ దాకా పోవాలా, వంటింట్లో చూసి చెప్పొచ్చుగా అంది. అమ్మకు అబూధాబీ అయినా దుబాయే.

అనుమానితులు ముగ్గురు. మొదటిది కంటికి కనిపించని గ్రహం. పళ్లెంలో ఎక్కడో నక్కి తిరుగుతూ తన బరువుతో ధూళిని లాగుతుంది, ఆ లాగుడుకు అలలు లేచి మెలికలు పడతాయి. రెండోది పళ్లెమే. మరీ బరువెక్కిన పళ్లెం తన బరువుకు తానే నిలవలేక గుంపులు కడుతుంది, ఆ గుంపులు సాగి చేతులవుతాయి, బయటివాళ్లెవరూ అక్కర్లేదు. మూడోది దారినపోయే నక్షత్రం. ఒకసారి దగ్గరికొచ్చి కెలికి తన దారిన పోతుంది. దీన్ని ముందే వదిలేశాం, అటువైపు అలాంటిదేదీ పోయిన జాడ లేదు. మిగిలిన ఇద్దరిలో నేరం ఎవరిదో తేల్చడానికి ఒక ఉపాయం ఉంది, కాకపోతే ఓపిక కావాలి. ఏళ్ల ఎడంతో రెండు బొమ్మలు తీయాలి. గ్రహమే తిప్పుతుంటే చేతులు మొత్తం ఒకే ముక్కగా ఆ గ్రహంతోపాటు జరుగుతాయి. లోపల ఎన్ని డిగ్రీలో అంచునా అన్నే. పళ్లెం బరువే కారణమైతే లోపలి భాగం త్వరగా, బయటిది నెమ్మదిగా పోతుంది, చేతులు గడియారం స్ప్రింగులా బిగుసుకుంటాయి. మాకు చిలీ కొండల మీది దూరదర్శిని తీసిన రెండు బొమ్మలున్నాయి. కరోనాకు ముందొకటి, ఏడేళ్లు గడిచాక మరొకటి. రెంటినీ పక్కపక్కన పెట్టి కొలవాలి. కొలిచేది నేను.

అవతల షట్టరు సగం లేచింది. చెక్కపొట్టు రంగు బనియన్‌తో ఒక ముసలి వడ్రంగి వంగి బయటికొచ్చి, ఎండను చూసి మళ్లీ లోపలికే పోయాడు. భార్గవ్ కాదు. బోర్డు మీద అరబ్బీలో, ఇంగ్లీషులో కార్గో అని ఉంది, కింద ఓడ బొమ్మ. ఎవరికి ఏం పంపుతున్నాడు? పంపడానికి మాకేమున్నాయి? పుస్తకాలు, ఒక మంచం, హాల్లో మూల నిలబెట్టిన చిన్న దూరదర్శిని. దాని అద్దం మసకబారింది, శుభ్రం చేయిస్తానని పోయిన వారం కారులో వేసుకుపోయాడు. తిరిగి రాలేదు.

గంతల సంగతి. ఆశ ఉన్న కన్ను ఆశపడ్డదే కొలుస్తుంది, అందులో దగా ఉండనక్కర్లేదు. అందుకని మా బృందంలో ఒక ఆచారం. రెండో బొమ్మను ఒకరు రహస్యంగా కొన్ని డిగ్రీలు తిప్పి కొలిచేవాళ్లకు ఇస్తారు. ఎంత తిప్పారో చెప్పరు. కొలిచేవాళ్లకు వచ్చిన అంకెలో అసలు కదలిక ఎంతో, ఆ చెయ్యి తిప్పింది ఎంతో తెలియదు. కళ్లకు గంతలు కట్టుకుని కొలిచినట్టే. అన్నీ సరిచూసుకున్నాక, ఇక ముట్టుకోను అని అందరి ముందు మాటివ్వాలి. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మూర్తిగారు ఆ మాటకు ఖలాస్, అంటే ఇక అయిపోయింది, అని పేరు పెట్టారు. ఖలాస్ అన్నాక రహస్యం విప్పుతారు, తీసివేత చేస్తారు, వచ్చింది వచ్చినట్టు అచ్చుకు పంపుతారు. అయ్యో, ఆ మూల సరిగా చూడలేదు అని వెనక్కి పోవడానికి లేదు. మా రెండో బొమ్మను తిప్పిన చెయ్యి భార్గవ్‌ది.

మొగుడూ పెళ్లాలకు ఆ పని ఇవ్వొచ్చా అని బృందంలోని పూణే వాళ్లెవరో అడిగితే, మొగుడూ పెళ్లాలే ఒకరికొకరు బాగా దాచగలరు అని మూర్తిగారు నవ్వారు. అప్పుడు నేనూ నవ్వాను. మూడు వారాలుగా మా ఇంట్లో ఒక జవాబు రెండు ముక్కలై కాపురం చేస్తోంది. నా ముక్క అతనికి తెలియకూడదు, అతని ముక్క నాకు తెలియకూడదు. మొదట్లో సరదాగానే ఉండేది. ఏసీ ఎంతలో పెట్టమంటావు అంటే చల్లగా అనేవాడు, అంకె చెప్పేవాడు కాదు. ఇడ్లీలు ఎన్ని అంటే వేళ్లు చూపించేవాడు, చూపించి, అబ్బో ఇది కూడా అంకేనని చెయ్యి వెనక్కి దాచుకునేవాడు. తర్వాత అంకెలతోపాటు మాటలూ తగ్గాయి. ఒక్కదాన్ని దాచమని మనిషికి అనుమతి ఇస్తే దాని పక్కన ఇంకా ఏమేం పెడతాడో ఎవరికి తెలుసు? నేను గదిలోకి వస్తే ఫోన్ పెట్టేసేవాడు. ఇంటి అద్దె ఒప్పందం తిరగరాయించాలంటే వచ్చే వారం అనేవాడు. మొన్న నా పాస్‌పోర్ట్ అడిగాడు. ఎందుకంటే కాపీకి అన్నాడు. కాపీలు మూడున్నాయి ఇంట్లో.

ఆ పైన పేరమ్మ. అమలాపురం దగ్గర మనిషి, మా ఇంటికి పూటపనికి వస్తుంది, సగం జీవితం గల్ఫ్ ఇళ్లు తుడిచింది. నేల తుడుస్తూ తలెత్తకుండా అంది, "బాబుగారు మంచం కింద అట్టపెట్టెలు దాత్తన్నారండి. తవరికి చెప్పలేదాండి? మరి నాకేటండి, అక్కడ తుడవొద్దంటే మానేత్తాను." ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నేను మంచం కింద చూడలేదు. చూస్తే ఖాళీ పెట్టెలు కనిపిస్తాయి, ఖాళీ పెట్టెలు ఏమీ చెప్పవు. అసలు చెప్పింది నా కుర్చీ. పొట్టిదాన్ని కాబట్టి నా బల్ల దగ్గర కుర్చీని బాగా పైకెత్తి పెట్టుకుంటాను. ఒకరోజు స్నానం చేసి వచ్చి కూర్చుంటే అది కిందికి దిగి ఉంది. ఆరడుగుల మనిషి కూర్చుని లేచిన ఎత్తులో. అప్పటికి నా కొలత పూర్తి కాలేదు, తెరమీద వెతికినా దొరికేదేం లేదు. కానీ వచ్చినవాడు మళ్లీ వస్తాడు.

కాబట్టి వల వేశాను. కొలత పూర్తయిన రోజున అసలు అంకెను తలలోకి ఎక్కించుకుని కంప్యూటర్‌లో తప్పుడు అంకె పెట్టాను. అసలుది పదకొండు డిగ్రీలు. తెరమీద పద్దెనిమిది. భార్గవ్ గ్రహానికి కావలసింది నాలుగు. ఆరేళ్ల కింద లెక్కగట్టి తన పేరుతో అచ్చు వేయించాడు, ఈ పళ్లెంలో ఒక గ్రహముంది, ఫలానా దూరంలో ఉంది, చేతుల్ని ఏడేళ్లకు నాలుగు డిగ్రీలు జరుపుతుంది అని. దానిమీదే అతని పేరు, దానిమీదే మా ఇద్దరికీ ఇక్కడ ఉద్యోగాలు. అతను నా పద్దెనిమిది దొంగచాటుగా చూసి ఉంటే, తన నాలుగు మిగిలేట్టు ఇవాళ పద్నాలుగు అంటాడు. పద్నాలుగు. ఆ ఒక్క మాట చాలు. అసలు బొమ్మ తెరిచి చూస్తే ఎప్పటికైనా బయటపడదా అంటే పడుతుంది. ఆ బొమ్మ లోకం చూడటానికి ఇంకో ఏడాది ఉంది, ఈలోగా దాన్ని తెరిచే తాళం అతని దగ్గరే. ఏడాదిలో మనిషి ఎక్కడికైనా పోవచ్చు. వల వేసిన మర్నాడు కుర్చీ మళ్లీ దిగి ఉంది.

షట్టరు పూర్తిగా లేచింది. ఇప్పుడు భార్గవ్. నీలం చొక్కా, నేను కొన్నదే. పక్కన ఒక స్త్రీ, నలభై ఏళ్లుంటాయి, నల్ల అబాయా, చేతిలో కరక్ చాయ్ కప్పు. అతని చేతిలోనూ కప్పు. ఆవిడ ఏదో అంది, భార్గవ్ తల వెనక్కి వాల్చి నవ్వాడు. ఇంట్లో అలా నవ్వి ఎన్నాళ్లయింది? అదిగో కనిపించని గ్రహం, అనుకున్నాను. మూడో మనిషి. అనుకున్న మరుక్షణమే సిగ్గేసింది. సిగ్గేసినా చూపు తిప్పలేదు. ఆవిడ అతన్ని చూడటం లేదు, లోపల వడ్రంగిని చూసి చెయ్యి ఊపుతూ యల్లా యల్లా, కానివ్వు కానివ్వు అంటోందని పెదవుల వాటాన్నిబట్టి తెలుస్తోంది. వడ్రంగి ఒక చెక్కపెట్టెను ఈడ్చుకొచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉంది. భార్గవ్ కప్పు కింద పెట్టి రెండు చేతులతో దాని పొడవు చూశాడు, లోపల చెయ్యి పెట్టి మెత్తదనం చూశాడు. ఆ చెయ్యి అలా దేన్ని తడుముతుందో నాకు తెలుసు. మా దూరదర్శినికి పెట్టె చేయిస్తున్నాడు.

అంటే వెళ్లిపోతున్నాడు. అంటే ఫలితం అతనికి తెలుసు. తెలియనివాడు పెట్టె చేయిస్తాడా? రెండింటికి తేలే జవాబుకు పొద్దున్నుంచే మేకులు కొట్టిస్తున్నాడంటే నా సగం అతని దగ్గర ఉన్నట్టే. గ్రహాన్ని జేబులో వేసుకుని పోతాడు. గ్రహం కనిపెట్టినవాడికి ఎక్కడైనా చోటుంటుంది, ఏ జర్మనీలోనో, జపాన్‌లోనో. పాస్‌పోర్ట్ నాది అడిగాడు, అతనిది కాదు. నన్ను ముందు ఇంటికి పంపించేసి? ఆలోచన ఎంత బాగా అతుకుతోందో చూస్తే భయమేసింది. ఫోన్ కాల్స్, అట్టపెట్టెలు, పాస్‌పోర్ట్, కుర్చీ, అన్నీ లోపలా బయటా ఒకే కోణంలో, ఒక్క ముక్కగా తిరుగుతున్నాయి. నా పళ్లెం చేతులు కూడా అంతే. లోపల పదకొండు, నడుమ పదకొండు, అంచున పదకొండు. ఎక్కడా బిగుసుకోలేదు. భార్గవ్ ఎంత తిప్పినా బొమ్మ మొత్తం తిప్పాడు కాబట్టి, లోపలికీ బయటికీ తేడా ఉంటే గంతలున్నా నాకు కనిపించేది. కనిపించలేదు. రెండో అనుమానితుణ్ణి ఆ రోజే వదిలేశాను. అన్నీ ఒక్క ముక్కగా తిరుగుతున్నాయంటే వెనక ఎవరో ఒకరు ఉన్నారు. లేదా తిప్పింది భార్గవ్ చెయ్యి ఒక్కటే, అక్కడ అసలేమీ కదల్లేదు. ఈ రెంటికీ మధ్య తేడా అతని నోట్లో ఉంది.

భార్గవ్‌ను పూణేలో ఒక సదస్సులో మొదటిసారి చూసినప్పుడు, తను గీసి గోడకు అంటించిన బొమ్మ పక్కన నిలబడి ఉన్నాడు. పళ్లెం, మెలికలు, ఒకచోట ఎర్ర సున్నా. అదేమిటని అడిగితే గ్రహం అన్నాడు. ఎవరు చూశారంటే, "చూసినదాన్ని ఎతుకుడేంది మేడం, చూడనిదాన్నే గద ఎతకాలె" అన్నాడు. వరంగల్ యాసలో అంత ధీమాగా ఎవరైనా అబద్ధం చెప్పగలరా అనిపించింది. కాకినాడ వాళ్లం, ఎదుటివాడు తడుముకోకుండా మాట్లాడితే నమ్మం. నమ్మకుండానే పెళ్లి చేసుకున్నాను, నమ్మకం తర్వాత వచ్చింది. ఎప్పుడొచ్చిందో చెప్పమంటే చెప్పలేను. ఎప్పుడు పోయిందో చెప్పగలను, కుర్చీలో కూర్చున్నప్పుడు కాళ్లు నేలకు ఆనిన క్షణాన. ఆ ఎర్ర సున్నా మీద ఎన్నేళ్లు బతికాం. ఎవరైనా పిల్లలెంతమంది అంటే, ఒకటి, ఇంకా కనిపించలేదు అనేవాడు, ఆకాశం వైపు చెయ్యి చూపించి. ఒకసారి విందులో ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అతను చూసి, ఇంకెప్పుడూ ఆ పరాచికం ఆడలేదు. అలాంటి మనిషి దాన్ని దొంగిలించయినా తెచ్చుకుంటాడా? తెచ్చుకుంటాడేమో. ప్రేమ ఉన్నచోటే కొలత వంకర పోతుందని కదా గంతలు కట్టింది.

నాకింకో దారీ ఉంది. ఇప్పుడే మూర్తిగారికి ఫోన్ చేసి, బొమ్మను మళ్లీ ఇంకొకరితో తిప్పించండి, కారణం అడగొద్దు అనొచ్చు. అడక్కుండా ఉంటారా? ఆయన అడగరు, అర్థం చేసుకుంటారు, అది ఇంకా ఘోరం. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మూర్తిగారి పేరు మీద వేలు పెట్టబోయేసరికి అద్దం మీద ఎవరో తట్టారు.

భార్గవ్. చేతిలో రెండు కరక్ కప్పులు. ఎటు దిగి రోడ్డు దాటాడో చూడనే లేదు. అద్దం దించితే పొయ్యిలోంచి వచ్చినట్టు వేడి గాలి. నేరం చేసింది నేనేననిపించింది.

"ముసఫ్ఫాల అన్నీ తెల్లకార్లే," అన్నాడు, "గని లోపట చున్నీ కప్పుకొని కూసున్నది నువ్వొక్కదానివే. సనోబర్ ఆపా అరగంట సంది అడుగుతాంది, వో సఫేద్ గాడీ వాలీ కౌన్ హై, పోలీసా అని."

సనోబర్ అన్నది ఆ కార్గో షాపు ఆవిడ పేరు కాబోలు. ఆవిడ అవతలి నుంచి చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. భార్గవ్ చుట్టూ తిరిగి వచ్చి పక్కసీట్లో కూర్చున్నాడు, కప్పు నాకిచ్చాడు. అతని మెడమీద చెమట, చొక్కాకు చెక్కపొట్టు. తర్వాత గొంతు మార్చి, "స్నిగ్ధా, నీకొక మాట చెప్పాలె" అన్నాడు.

చెప్పనీ. విందాం. విన్నాక నిర్ణయించుకోవచ్చు. చెప్పు అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఏం విన్నా అది నా చేతిని పట్టుకుంటుంది. అతను ఏడ్చినా, వెళ్లిపోతున్నానన్నా, తప్పు ఒప్పుకున్నా, ఆ తర్వాత నా నోట వచ్చే పదకొండు నా పదకొండు కాదు. చేతుల్ని ముక్కలుగా కొలిచినవాటిలో ఆరోది కొంచెం మసగ్గా ఉంది, దాన్ని వదిలేద్దామనో, అంచు ఇంకోసారి చూద్దామనో నా బుర్ర దారులు వెతుకుతుంది, నాకు తెలుసు. మూడు వారాలు గుడ్డిదానిలా కొలిచింది ఈ నిమిషంలో పాడు చేసుకోవడానికా? అతని సగం దొంగదైతే వల పట్టిస్తుంది. నా సగం మాత్రం శుభ్రంగా ఉండాలి.

"చెప్పకు," అన్నాను. "ఖలాస్ అన్నాక చెప్పు."

అతను నన్ను చూశాడు. పొద్దున గుమ్మంలో చూసినట్టే. తల ఊపాడు.

వెనక సీట్లోంచి లాప్‌టాప్ తీసి ఒళ్లో పెట్టుకున్నాను, ఫోన్ నుంచి నెట్ కలిపాను. తెరమీద ఒక్కొక్క గడీ వెలిగింది, పూణే వాళ్లు, చిలీలో తెల్లవారక ముందే లేచిన ఆయన, మధ్యలో మూర్తిగారు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో. మమ్మల్ని చూసి, "ఇద్దరూ ఒకే కారులో ఉన్నారేంటయ్యా, పెళ్లికి ముందు పెళ్లికొడుకు, పెళ్లికూతురు కలవకూడదని తెలీదూ?" అన్నారు. ఎవరో నవ్వారు. ఆచారం ప్రకారం నా అంకె మూర్తిగారికి ఒక్కరికే పంపాలి, అందరూ చూసేలా కాదు. తెరను నా వైపు తిప్పుకున్నాను. వేళ్లు పద్దెనిమిది మీద ఆగలేదు. పదకొండు కొట్టాను. అర డిగ్రీ అటూ ఇటూ ఉండొచ్చని రాశాను. పంపాను.

"వచ్చిందమ్మా," అన్నారు మూర్తిగారు. ఆయన ముఖంలో ఏమీ లేదు, ఆయనకూ సగమే తెలుసు. "ఇక ముట్టుకోవుగా?"

పక్కన భార్గవ్ ఊపిరి వినిపిస్తోంది. మోకాలి మీద అతని చెయ్యి, ఆ రెండో బొమ్మను తిప్పిన చెయ్యి, గుప్పిట బిగించి ఉంది. ఇప్పుడైనా అనొచ్చు. నాకు ఈ మనిషి మీద నమ్మకం లేదు అని ఒక్క వాక్యం.

"ఖలాస్," అన్నాను.

"భార్గవ్, నువ్వు ఎంత తిప్పావు?" అన్నారు మూర్తిగారు.

పద్నాలుగు అంటాడు. ఇప్పుడే అంటాడు. నేను అతని ముఖం చూడలేదు, స్టీరింగ్ మీద అతుకు ఊడిన చోటు చూస్తున్నాను. అవతల వడ్రంగి సుత్తి ఆగింది. "పద" అని మొదలుపెట్టి దగ్గాడు. ఆ దగ్గులో నా తొమ్మిదేళ్లు ఒక్కసారి అటు ఒరిగి ఇటు ఒరిగాయి.

"పదకొండు," అన్నాడు.

నేను తీసివేత చేయలేదు. చేయనక్కర్లేదు. మూర్తిగారు చేశారు, చేసి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చేశారు. సున్నా. ఏడేళ్లలో ఆ చేతులు కదల్లేదు, కదిలినా అర డిగ్రీకి లోపే. నాలుగు లేదు. ఎర్ర సున్నా ఉన్నచోట గ్రహం లేదు. మొదట మాట్లాడింది భార్గవే. "లోపటి దిక్కు గూడ అంతేనా?" అని నన్నే అడిగాడు, పనిలో అడిగినట్టు. అంతే అన్నాను. అంచున? అంతే. మంచిది అన్నాడు. ఆరేళ్ల తన లెక్క తన నోటితోనే కొట్టేసి మంచిది అన్నాడు. వచ్చింది వచ్చినట్టు రాద్దాం అని మూర్తిగారు అంటుండగా అతని వైపు చూడలేక, రాత్రికల్లా ముసాయిదా పంపుతానని చెప్పి తెర మూశాను.

"ఇగ చెప్పొచ్చునా?" అన్నాడు.

చెప్పాడు. అతను చెప్పిందంతా కంపెనీ బస్సు నీడలో పడుకున్నవాళ్లు లేచి తువ్వాళ్లు దులుపుకునేలోపే అయిపోయింది. నెల కింద మా కేంద్రం ముదీర్, అంటే డైరెక్టరు, పిలిచి చెప్పాడట. గ్రహం తేలితే బృందానికి ఇంకో ఏడాది ఇస్తాం, తేలకపోతే ఆగస్టుతో ఆఖరు. మా ఇద్దరి ఉద్యోగాలూ, వీసాలూ, అన్నీ. ఇతరులకు చెప్పొద్దని ముదీర్ అనలేదు. నాకు చెప్పకూడదని నిర్ణయించుకున్నది భార్గవే. "నీకు చెప్తే కొలిచేటప్పుడు నీ చెయ్యి వణుకుతది. గ్రహం దిక్కు వణుకుతదో, మొండికి ఇంకో దిక్కు వణుకుతదో, ఏదైనా ఖరాబే. అందుకే ఇంట్ల తలుపున్న రూం అదొక్కటే గద అని, నువ్వు తానానికి పోయినప్పుడల్లా నీ కుర్చీల కూసోని హైదరాబాద్‌కు, కార్గోకు ఫోన్లు చేసిన. నీ పాస్‌పోర్ట్ గూడ టికెట్లకే అడిగిన. తేలుతదో తేలదో నాకెట్ల తెలుస్తది? తెల్వకనే అద్దానికి పెట్టె చేయించిన, అది పగిలితే మళ్ల దొరకది."

తెల్వకనే. నేను దాన్నే సాక్ష్యమనుకున్నాను. పెట్టె చేయించాడు కాబట్టి జవాబు తెలుసు అనుకున్నాను. జవాబు తెలియనివాడే రెంటికీ సిద్ధపడతాడని తోచలేదు. ఇవాళ ఏడు అని ఉంటే మాకు ఇంకో ఏడాది దొరికేది. అతనికి నా పదకొండు తెలిసి ఉంటే ఏడు అనొచ్చు, పద్దెనిమిది చూసి ఉంటే పద్నాలుగు అనొచ్చు. అబద్ధం ఆడదలుచుకున్నవాడు ఓడిపోయే అబద్ధం ఆడడు. అయినా వల సంగతి నేను చెప్పలేదు. చెబుతాను, ఇవాళ కాదు. నన్ను పోలీసా అని అడిగిన సనోబర్ ఎదురుగా నిలబడి చూస్తోంది. ఒకరోజుకు ఆ అవమానం చాలు. చల్లారిన చాయ్ తాగాను. తీపి ఎక్కువైంది. భార్గవ్ సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. పిల్లవాణ్ణి పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు. నేను అతని చొక్కా మీది చెక్కపొట్టు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాను.

అనుమానానికి మాత్రం తీరిక లేదు. అది భార్గవ్‌ను వదిలి లేచి వేరే దారి పట్టింది. చేతులు కదల్లేదు, బిగుసుకోలేదు. అయితే పళ్లెం బరువు కాదు, భార్గవ్ గ్రహమూ కాదు. ఎవరూ లేకుండా అంత చక్కటి మెలికలు ఎలా నిలిచాయి? ఒక్క ముక్కగా ఉన్నాయి, ఏడేళ్లలో కదలిక తెలియనంత నెమ్మదిగా ఉన్నాయి. నెమ్మదిగా తిరిగేది ఏమిటి? దూరంగా ఉన్నది. పళ్లెంలో కాదు, పళ్లెం బయట, ఒక చుట్టు చుట్టడానికి వేల ఏళ్లు పట్టేంత దూరంలో. బరువైనది అయి ఉండాలి, అంత దూరం నుంచి చెయ్యి చాపాలంటే. మేమెందుకు చూడలేదు? చూడలేదు కాదు, కోసేశాం. రెండు బొమ్మల్నీ పళ్లెం అంచు దాకా కత్తిరించి, మిగతాది ఖాళీ అని పక్కన పెట్టేశాం.

"భార్గవ్," అన్నాను, "కత్తిరించిన అంచులు ఎక్కడున్నాయి?"

కళ్లు తెరవలేదు. "నా దగ్గరే ఉన్నయి. ఏముంటది అండ్ల, చీకటి."

"ఎవరో ఉన్నారు."

అప్పుడు తెరిచాడు. నా ముఖంలోకి చూశాడు, లాప్‌టాప్ వంక చూశాడు. సీటు మెల్లగా పైకి లేచింది. ఆగస్టు దాకా టైం సరిపోతుందా అని అడగలేదు. ఎంత దూరం అన్నాడు. చెప్పాను. అంత దూరాన ఒక మసక చుక్క ఉంటే దాన్నీ రెండు బొమ్మల్లో కొలవాలి, అది నక్షత్రంతోపాటు పోతోందో, వెనకాలెక్కడో ఉన్న వేరే చుక్కో తేల్చాలి అన్నాడు. అవునన్నాను. మళ్లీ గంతలు కట్టుకోవాలి అన్నాడు.

"కట్టుకుందాం. ఈసారి నువ్వు కొలు. బొమ్మ నేను తిప్పుతాను."

"ఎంత తిప్పుతవ్?"

నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను. అప్పటికే ఒక అంకె అనుకున్నాను.